లినక్స్‌లో వీఆర్ ఆటలు: ఎంత దూరం వచ్చాం, ఎటు వెళ్తున్నాం

2025 నవంబరు 12న అమెరికా గేమింగ్ సంస్థ వాల్వ్ 'స్టీమ్ ఫ్రేమ్' పేరుతో ఒక వర్చువల్ రియాలిటీ (వీఆర్) హెడ్‌సెట్‌ను ప్రకటించింది. దాన్ని తలకు పెట్టుకుంటే చుట్టూ ఉన్న గది మాయమై ఆట ప్రపంచం కళ్ల ముందుకొస్తుంది. తల ఎటు తిప్పితే అటువైపు దృశ్యం కనిపిస్తుంది. ఇలాంటి హెడ్‌సెట్లు పదేళ్లుగా వస్తూనే ఉన్నాయి. దీని విశేషమంతా లోపల నడిచే సాఫ్ట్‌వేర్‌లో ఉంది. అది స్టీమ్‌ఓఎస్, అంటే ఆటల కోసం తీర్చిదిద్దిన లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్.

వీఆర్ ఆటలు ఆడాలంటే కంప్యూటర్లో విండోస్ ఉండాల్సిందేనన్నది ఇన్నాళ్లూ అందరూ చెప్పిన మాట. లినక్స్ వాడేవాళ్లు ఈ ఒక్క సరదా కోసం విండోస్‌ను కూడా అదే కంప్యూటర్లో వేసుకుని, ఆడాలనిపించినప్పుడల్లా మెషీన్‌ను ఆపి, మళ్లీ అందులోకి వెళ్లేవారు. అలాంటి లినక్స్ ఇప్పుడు హెడ్‌సెట్ లోపలికే చేరింది. ఈ మలుపు ఎలా వచ్చింది? ఈ రోజు ఏది పనిచేస్తోంది, ఏది మొరాయిస్తోంది? ముందు ముందు దేని మీద నమ్మకం పెట్టుకోవచ్చు? కంప్యూటర్ చదువుతో పరిచయం లేనివారికి కూడా అర్థమయ్యేలా ఒక్కొక్కటే చూద్దాం.

11 మిల్లీసెకన్లలో ఏం జరగాలి?

మామూలు ఆటలో తెర కాసేపు తడబడితే విసుగొస్తుంది, అంతే. వీఆర్‌లో అదే తడబాటు కడుపులో తిప్పేస్తుంది. తల కదిలిందని లోపలి చెవి మెదడుకు చెబుతుంది. ఎదుట ఉన్న బొమ్మ కదల్లేదు కాబట్టి, తల కదల్లేదని కళ్లు చెబుతాయి. ఈ రెండు కబుర్లూ పొసగనప్పుడు వికారం, తలతిప్పు మొదలవుతాయి. అందుకే తల కదిలినప్పటి నుంచి దానికి తగిన దృశ్యం కంటికి చేరేదాకా పట్టే సమయం దాదాపు 20 మిల్లీసెకన్లకు మించకూడదని ఈ రంగంలోని ఇంజినీర్లు ఒక గీత గీసుకున్నారు.

హెడ్‌సెట్ తెర సెకనుకు 90 సార్లు మారుతుందనుకుందాం. ఒక్కో బొమ్మకు దొరికే వ్యవధి 11 మిల్లీసెకన్లు. ఆ కాస్తలోనే గ్రాఫిక్స్ కార్డు ఎడమ కంటికి ఒకటి, కుడి కంటికి ఒకటి గీయాలి. హెడ్‌సెట్‌లోని కటకాల వల్ల దృశ్యంలో వచ్చే వంకరను సరిదిద్దాలి. తెర 120 సార్లు మారేదైతే ఆ గడువు 8.3 మిల్లీసెకన్లకు పడిపోతుంది.

బరువైన ఆటలు ఒక్కోసారి ఈ గడువును అందుకోలేవు. అప్పుడు ఆదుకునేది కంపోజిటర్ అనే ప్రోగ్రామ్. కొత్త బొమ్మ వేళకు రాకపోతే అది పాత బొమ్మనే తీసుకుంటుంది. తల తాజాగా ఎటు తిరిగిందో చూసి, ఆ మేరకు బొమ్మను జరిపి తెర మీద పెడుతుంది. దీన్ని రీప్రొజెక్షన్ అంటారు. ఇది సవ్యంగా జరగాలంటే ఆట గ్రాఫిక్స్ కార్డును ఎంతగా వాడుకుంటున్నా సరే, కంపోజిటర్ పని వచ్చేసరికి దానికే ముందు చోటు దక్కాలి. ఆ చోటు ఇవ్వాల్సింది ఆపరేటింగ్ సిస్టమ్, గ్రాఫిక్స్ డ్రైవర్.

హెడ్‌సెట్‌ను కంప్యూటర్‌తో నడిపే వాల్వ్ సాఫ్ట్‌వేర్ పేరు స్టీమ్‌వీఆర్. లినక్స్‌లో దాన్ని మొదటిసారి తెరిచినప్పుడు, సెటప్ పూర్తి చేయడానికి అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ కావాలని అడుగుతుంది. ఆట ఆడుకోవడానికి ఇంత పెద్ద అనుమతి ఎందుకని అనుమానం రావడం సహజం. అది అడిగేది కంపోజిటర్‌కు ముందు వరుసలో నిలబడే హక్కు ఇవ్వడానికి. మామూలు ప్రోగ్రాములకు లినక్స్ ఆ హక్కు ఊరికే ఇవ్వదు. వద్దని నొక్కినా ఆట తెరుచుకోవచ్చు గానీ, భారం పెరిగినప్పుడు దృశ్యం కుదుపులు ఇస్తుంది. లినక్స్‌లో వీఆర్ కష్టాలు చాలావరకు ఇలాంటివే. మెషీన్‌కు సత్తువ ఉంటుంది. ఆ సత్తువను సరైన క్షణంలో సరైన పనికి అందించే ఏర్పాటే తక్కువవుతుంది.

తెరిచి మూసేసిన తలుపు

నేటి వీఆర్ కథ 2012లో మొదలైంది. ఓకులస్ అనే చిన్న సంస్థ కిక్‌స్టార్టర్ ద్వారా జనం నుంచి డబ్బు పోగుచేసి రిఫ్ట్ అనే హెడ్‌సెట్ పనికి దిగింది. డెవలపర్లకు పంపిన తొలి నమూనాలకు విండోస్, మ్యాక్‌లతో పాటు లినక్స్‌కు కూడా సాఫ్ట్‌వేర్ ఇచ్చింది. 2014 మార్చిలో ఫేస్‌బుక్ ఆ సంస్థను సుమారు 200 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. 2015 మేలో, విండోస్ మీదే దృష్టి పెట్టడానికి మ్యాక్, లినక్స్ పనులను నిలిపేస్తున్నామని ఓకులస్ చెప్పింది. 2016 మార్చిలో జనం చేతికొచ్చిన రిఫ్ట్ విండోస్‌లోనే నడిచింది. నిలిపేసిన లినక్స్ పనిని ఆ సంస్థ మళ్లీ ఎత్తుకోలేదు.

రెండో తలుపు వాల్వ్ తెరిచింది. హెచ్‌టీసీతో కలిసి చేసిన వైవ్ హెడ్‌సెట్ 2016 ఏప్రిల్‌లో వచ్చింది. 2017 ఫిబ్రవరిలో లినక్స్ కోసం స్టీమ్‌వీఆర్ తొలి ప్రయోగ రూపం విడుదలైంది. వాల్వ్‌కు లినక్స్ మీద ఎందుకింత మక్కువ? ఆ సంస్థ రాబడికి మూలం స్టీమ్ అనే ఆటల దుకాణం. ఆ దుకాణానికి వచ్చేవాళ్లలో దాదాపు అందరూ విండోస్ వాడేవాళ్లే. 2012లో మైక్రోసాఫ్ట్ విండోస్ 8తో పాటు సొంత యాప్ స్టోర్ తెచ్చింది. రేపు విండోస్‌లో బయటి దుకాణాలకు చోటు తగ్గితే తమ గతేమిటన్న ప్రశ్న వాల్వ్ ముందు నిలిచింది. ఆ ఏడాదే సంస్థ అధిపతి గేబ్ న్యూవెల్ విండోస్ 8ను బహిరంగంగా విమర్శించారు. 2013 ఫిబ్రవరికల్లా లినక్స్‌కు స్టీమ్ వచ్చేసింది. వ్యాపార భయం నుంచి పుట్టిన పని అయినా, దాని ఫలం అందరికీ అందింది.

హెడ్‌సెట్‌ను మానిటర్ అనుకున్న కంప్యూటర్

ఆ రోజుల్లో లినక్స్ మెషీన్‌కు హెడ్‌సెట్ తగిలిస్తే ఏమయ్యేదో చూస్తే, ఎంత చిన్న విషయం ఎంత పెద్ద అడ్డంకి అవుతుందో తెలుస్తుంది. హెడ్‌సెట్ వీడియో కేబుల్‌తో కంప్యూటర్‌కు కలుస్తుంది కాబట్టి, లినక్స్ దాన్ని రెండో మానిటర్ అనుకునేది. డెస్క్‌టాప్ అందులోకి సాగిపోయేది. వాల్‌పేపర్‌లో సగం ఎడమ కంటి ముందు, సగం కుడి కంటి ముందు పడేది. మౌస్ బాణం టేబుల్ మీది తెర దాటి హెడ్‌సెట్‌లోకి జారిపోయేది. కొత్తగా తెరిచిన విండో కూడా ఒక్కోసారి అక్కడే ప్రత్యక్షమయ్యేది. పైగా హెడ్‌సెట్‌కు వెళ్లే ప్రతి బొమ్మా డెస్క్‌టాప్ చేతుల మీదుగా వెళ్లాల్సి రావడంతో, ఉన్న 11 మిల్లీసెకన్లలో కొంత అక్కడే ఖర్చయిపోయేది.

దీన్ని సరిచేసే బాధ్యతను వాల్వ్ కీత్ ప్యాకర్డ్‌కు అప్పగించింది. లినక్స్‌లో తెర మీద బొమ్మలు చూపే ఎక్స్ విండో వ్యవస్థపై దశాబ్దాలుగా పనిచేసిన ఇంజినీర్ ఆయన. పరిష్కారం రెండు భాగాలుగా వచ్చింది. తెర ఏదైనా కంప్యూటర్‌కు కలవగానే తన తయారీదారు ఎవరో, మోడల్ ఏమిటో చెప్పుకుంటుంది. ఆ వివరాలను బట్టి హెడ్‌సెట్లను గుర్తుపట్టి, 'ఇది డెస్క్‌టాప్ కోసం కాదు' అని ముద్ర వేసే జాబితా ఒకటి లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌లో చేరింది. వైవ్, రిఫ్ట్, వాల్వ్ ఇండెక్స్ లాంటివన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. రెండో భాగం లీజు. డెస్క్‌టాప్ తన అధీనంలోని వీడియో ద్వారాన్ని వీఆర్ ప్రోగ్రామ్‌కు లీజుకిస్తుంది. ఆట నడిచినంతసేపూ మధ్యలో వేలు పెట్టదు. ఆట ముగిశాక ద్వారం తిరిగి డెస్క్‌టాప్‌కు వస్తుంది.

ఈ ఏర్పాటు 2018 జనవరిలో కెర్నల్ 4.15తో, అదే ఏడాది మేలో ఎక్స్ సర్వర్ 1.20తో జనానికి అందింది. కథ అక్కడితో ముగియలేదు. లినక్స్ ప్రపంచం అప్పటికే ఎక్స్‌ను వదిలి వేలాండ్ అనే కొత్త పద్ధతికి మారుతోంది. అక్కడ లీజు పద్ధతిని మళ్లీ మొదటి నుంచి రాయాలి. కేడీఈ ప్లాస్మా డెస్క్‌టాప్‌లో అది 2022 ఫిబ్రవరిలో వచ్చింది. గ్నోమ్ డెస్క్‌టాప్‌లో 2024 సెప్టెంబరు దాకా ఆగాల్సి వచ్చింది. గ్నోమ్ వాడే మనిషి వేలాండ్‌లో హెడ్‌సెట్ తగిలించి, అది ఎందుకు పనిచేయడం లేదో తెలియక తల పట్టుకున్న కాలం చిన్నదేమీ కాదు. లినక్స్‌కు ఒక యజమాని లేడు. అందువల్ల ఎవరూ దాన్ని మూసేయలేరు. అందువల్లే ఒకే పనిని పలు బృందాలు ఎవరి వేళకు వారు చేసుకుపోతాయి. ఈ రెండూ కలిసే వస్తాయని వాడేవాళ్లు తెలుసుకోవాలి.

విండోస్ ఆట లినక్స్‌లో ఎలా నడుస్తుంది?

వీఆర్ ఆటల్లో అత్యధికం విండోస్ కోసమే తయారవుతాయి. వాటిని లినక్స్‌లో నడిపిస్తున్నది ప్రోటాన్. 2018 ఆగస్టులో వాల్వ్ దీన్ని విడుదల చేసింది. దీని పునాది వైన్ అనే ప్రాజెక్టు. అది 1993లో మొదలై నేటికీ సాగుతోంది. విండోస్ ప్రోగ్రామ్ 'ఈ ఫైలు తెరువు', 'ఈ విండో చూపించు' అని అడిగినప్పుడు, ఆ కోరికను లినక్స్‌కు అర్థమయ్యేలా మార్చి చెప్పడం వైన్ పని. బొమ్మల విషయంలో డీఎక్స్‌వీకే లాంటి భాగాలు ఉంటాయి. విండోస్ గ్రాఫిక్స్ పద్ధతి అయిన డైరెక్ట్‌ఎక్స్‌లో ఆట ఇచ్చే ఆదేశాలను అవి లినక్స్‌లో నడిచే వల్కన్ పద్ధతిలోకి మారుస్తాయి. హెడ్‌సెట్‌కు సంబంధించిన ఆదేశాలను ప్రోటాన్ నేరుగా లినక్స్‌లోని స్టీమ్‌వీఆర్‌కు చేరవేస్తుంది. ఆటకు తాను విండోస్‌లో లేనన్న సంగతి తెలియదు.

ఈ దారిలోనే బీట్ సేబర్, వీఆర్‌చాట్ లాంటివి లినక్స్ మీద ఆడుతున్నారు. 2020 మార్చిలో వచ్చిన 'హాఫ్-లైఫ్: అలిక్స్'కైతే వాల్వ్ అదే ఏడాది మేలో సొంత లినక్స్ రూపాన్నే ఇచ్చింది. పలువురు కలిసి ఆడే ఆటల్లో మోసాలను పట్టుకునే యాంటీ-చీట్ సాఫ్ట్‌వేర్ చాన్నాళ్లు అడ్డుగోడగా ఉండేది. అందులో ప్రధానమైన ఈజీ యాంటీ-చీట్, బ్యాటిల్‌ఐ 2021లో ప్రోటాన్‌కు దారిచ్చాయి. వీఆర్‌చాట్ 2022 జులైలో ఈజీ యాంటీ-చీట్‌ను తెచ్చుకున్నా, ప్రోటాన్ ద్వారా ఆడేవాళ్లకు తలుపు మూయలేదు. అయితే ఈ అనుమతి ఇవ్వాలా వద్దా అన్నది ఒక్కో ఆట తయారీదారు ఇష్టం. వద్దనుకున్నవాళ్లూ ఉన్నారు.

2022 ఫిబ్రవరిలో స్టీమ్ డెక్ అనే చేతి గేమింగ్ కంప్యూటర్ రావడంతో ప్రోటాన్ రాటుదేలింది. డెక్‌లో ఉన్నది లినక్సే కాబట్టి ఆటల తయారీదారులు తమ ఆట ప్రోటాన్‌లో నడుస్తోందో లేదో తామే చూసుకోవడం మొదలుపెట్టారు. డెక్ వీఆర్ కోసం చేసింది కాదు. అయినా దాని కోసం చేసిన మరమ్మతులన్నీ వీఆర్ ఆటలకూ కలిసొచ్చాయి.

ఓపెన్‌ఎక్స్‌ఆర్, మొనాడో

తొలి రోజుల్లో ఒక్కో హెడ్‌సెట్‌కు ఒక్కో పద్ధతి ఉండేది. రిఫ్ట్‌కు రాసిన ఆట వైవ్‌లో నేరుగా నడిచేది కాదు. ఏ కంపెనీ ఫ్యాను కొన్నా ఇంట్లోని ప్లగ్గులో పెట్టుకోగలుగుతున్నామంటే, ప్లగ్గు కొలతలను అందరూ ఒప్పుకున్నారు కాబట్టి. వీఆర్‌కు అలాంటి ఒప్పందం 2019 జులైలో కుదిరింది. క్రోనోస్ గ్రూప్ అనే పరిశ్రమల సంఘం విడుదల చేసిన ఆ ప్రమాణం పేరు ఓపెన్‌ఎక్స్‌ఆర్. మెటా (ఒకప్పటి ఫేస్‌బుక్), మైక్రోసాఫ్ట్, వాల్వ్ అందరూ దీన్ని అంగీకరించారు. గూగుల్ 2024 డిసెంబరులో ప్రకటించిన ఆండ్రాయిడ్ ఎక్స్‌ఆర్ కూడా దీని బాటే పట్టింది.

ప్రమాణం కాగితం మీద ఉంటే సరిపోదు. దాన్ని అమలు చేసే సాఫ్ట్‌వేర్ కావాలి. కొలాబొరా సంస్థ 2019లోనే మొనాడో పేరుతో దాన్ని మొదలుపెట్టింది. దీని కోడ్ అంతా బహిరంగం. ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు, తమ పరికరంలో వాడుకోవచ్చు. స్టీమ్‌వీఆర్ అవసరం లేకుండానే హెడ్‌సెట్‌ను నడిపే దారి లినక్స్‌కు దీనివల్ల దొరికింది. దీని చుట్టూ చిన్న చిన్న ప్రాజెక్టులు ఎన్నో పుట్టాయి. పాత ఓపెన్‌వీఆర్ పద్ధతిలో రాసిన ఆటలను ఓపెన్‌ఎక్స్‌ఆర్‌కు మార్చి అందించేవి ఓపెన్‌కంపోజిట్, ఎక్స్‌రైజర్. లినక్స్ కంప్యూటర్‌లోని ఆటను వైఫై మీదుగా మెటా క్వెస్ట్ హెడ్‌సెట్‌కు పంపేవి ఏఎల్‌వీఆర్, వివర్న్. వీటిలో వివర్న్ మొనాడో పునాది మీద కట్టినదే. మెటా తన క్వెస్ట్‌ను కంప్యూటర్‌కు కలిపే సాఫ్ట్‌వేర్‌ను విండోస్‌కే ఇచ్చింది. లినక్స్ వాడేవాళ్లకు ఆ లోటును తీర్చింది ఎక్కువగా జీతం ఆశించకుండా, ఖాళీ వేళల్లో కోడ్ రాసిన మనుషులు. ఈ మాట చెప్పేటప్పుడు వాళ్లకు మనస్ఫూర్తిగా నమస్కారం పెట్టాలనిపిస్తుంది.

కంపెనీ వదిలేసిన హెడ్‌సెట్ల కథ

ఇదంతా సాంకేతిక ముచ్చటే కదా, మనకెందుకు అనుకునేవారికి విండోస్ మిక్స్‌డ్ రియాలిటీ కథ చెప్పాలి. 2017లో మైక్రోసాఫ్ట్ ఈ పేరుతో ఒక వేదికను తెచ్చింది. ఏసర్, డెల్, హెచ్‌పీ, లెనోవో, శామ్‌సంగ్ దాని మీద హెడ్‌సెట్లు అమ్మాయి. 2020లో వచ్చిన హెచ్‌పీ రివర్బ్ జీ2 స్పష్టమైన తెరకు పేరు తెచ్చుకుంది. విమానాలు, కార్లు నడిపే సిమ్యులేటర్ ఆటల ప్రియులు దాన్ని ఇష్టంగా కొనుక్కున్నారు.

2023 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ ఈ వేదికకు మంగళం పాడుతున్నట్టు తెలిపింది. 2024 అక్టోబరులో వచ్చిన విండోస్ 11 24హెచ్2 అప్‌డేట్‌లో దాన్ని పూర్తిగా తీసేసింది. హెడ్‌సెట్‌లో తెర చెడలేదు, కెమెరా చెడలేదు, వైరు తెగలేదు. అయినా కొత్త విండోస్‌లోకి మారిన రోజున మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ లేక అది పనికిరాని వస్తువైంది. కొన్నవాళ్లు ఏ తప్పూ చేయలేదు.

అదే హెడ్‌సెట్లను గుర్తించే డ్రైవర్ లినక్స్‌లో మొనాడోలో ఉంది. హెడ్‌సెట్ కెమెరాలు చూసే దృశ్యాన్ని బట్టి తల ఎక్కడుందో లెక్కకట్టే బసాల్ట్ అనే బహిరంగ సాఫ్ట్‌వేర్‌ను దానికి జోడించారు. చేతి కంట్రోలర్ల కదలికను పట్టడం ఇంకా అంత పక్కాగా లేదు. కానీ కాక్‌పిట్‌లో కూర్చుని ఆడే సిమ్యులేటర్లలో చేతిలో ఉండేది జాయ్‌స్టిక్కో స్టీరింగో కాబట్టి, ఆ లోటు పెద్దగా తెలియదు. తయారీదారు విడిచిపెట్టిన వస్తువును వాడేవాళ్లు నిలబెట్టుకోగలిగారంటే, దానికి కారణం కోడ్ బయట ఉండటమే. లినక్స్‌లో వీఆర్ భవిష్యత్తు గురించి ఎవరు అడిగినా నేను ముందు చెప్పేది ఈ ఒక్క విషయమే. రేపు ఎన్ని ఆటలు వస్తాయన్న దానికన్నా, నేడు కొన్న పరికరం రేపు కూడా మనదిగా ఉంటుందా అన్నది పెద్ద ప్రశ్న.

స్టీమ్ ఫ్రేమ్ తెచ్చే మార్పు

ఇక మళ్లీ స్టీమ్ ఫ్రేమ్ దగ్గరికి వద్దాం. ఇందులో ఉన్నది ఫోన్లలో వాడే తరహా స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 3 చిప్, 16 జీబీ మెమరీ. ఒక్కో కంటికి 2160 బై 2160 పిక్సెళ్ల తెర. కంప్యూటర్‌కు ఒక చిన్న డాంగిల్ తగిలిస్తే, 6 గిగాహెర్ట్జ్ తరంగాల మీద ఆట దృశ్యం హెడ్‌సెట్‌కు వస్తుంది. చూపు ఎక్కడ నిలిచిందో లోపలి కెమెరాలు పసిగడతాయి. అక్కడి భాగాన్ని మాత్రం పూర్తి నాణ్యతతో, మిగిలిన దాన్ని కాస్త తగ్గించి పంపుతారు. దీనివల్ల వైర్‌లెస్ మీద భారం తగ్గుతుంది.

కంప్యూటర్ లేకుండా హెడ్‌సెట్‌లోనే ఆటలు నడిపే ఏర్పాటు కూడా ఉంది. అసలు సాహసం అక్కడే ఉంది. కంప్యూటర్ ఆటలు ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల భాషలో ఉంటాయి. స్నాప్‌డ్రాగన్ అర్థం చేసుకునే ఆర్మ్ భాష వేరు. ఆ తేడాను పూడ్చేందుకు ఫెక్స్ అనే బహిరంగ ప్రాజెక్టును వాల్వ్ వాడుతోంది. అంటే ఒక విండోస్ వీఆర్ ఆట స్టీమ్ ఫ్రేమ్‌లో నడవాలంటే రెండు అనువాదాలు జరగాలి: విండోస్ నుంచి లినక్స్‌కు ప్రోటాన్, ఇంటెల్ భాష నుంచి ఆర్మ్‌కు ఫెక్స్. బరువైన ఆటలు ఇలా హెడ్‌సెట్‌లోనే హాయిగా నడుస్తాయని ఆశించడం తొందరపాటు. వాటికి కంప్యూటర్ నుంచి పంపే దారే మేలు.

మెటా క్వెస్ట్ కూడా ఆండ్రాయిడ్ మీద కట్టినదే, ఆండ్రాయిడ్ అడుగున ఉన్నది లినక్స్ కెర్నలే కదా అని అడగొచ్చు. నిజమే. కానీ క్వెస్ట్‌లోని వ్యవస్థ తాళం మెటా దగ్గరే ఉంటుంది. క్వెస్ట్ 2 కొన్నవాళ్లు మొదట్లో ఫేస్‌బుక్ ఖాతాతోనే లోపలికి వెళ్లాల్సి వచ్చింది. 2022 ఆగస్టులో గానీ ఆ షరతు సడలలేదు. స్టీమ్ ఫ్రేమ్ విషయంలో వాల్వ్ చెబుతున్నది వేరు: ఇది కంప్యూటరే, కొన్నవారు తమకు నచ్చినట్టు వాడుకోవచ్చని. స్టీమ్ డెక్‌లో ఆ సంస్థ ఈ మాట నిలబెట్టుకుంది. డెక్‌లో లినక్స్ డెస్క్‌టాప్‌లోకి వెళ్లొచ్చు, వేరే ఆపరేటింగ్ సిస్టమ్ కూడా వేసుకోవచ్చు.

ఆటల తయారీదారుల లెక్క కూడా దీంతో మారుతుంది. స్టీమ్ సర్వేలో లినక్స్ వాటా 2025 అక్టోబరులో తొలిసారి 3 శాతం దాటింది. వీఆర్ హెడ్‌సెట్ ఉన్నవారు 2 శాతం అటూఇటూ ఉంటారు. హెడ్‌సెట్లు అన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌ల వారి దగ్గరా ఒకే నిష్పత్తిలో ఉన్నాయనుకుంటే, లినక్స్‌లో వీఆర్ ఆడేవాళ్లు పదివేల మందిలో ఆరుగురు. ఆ ఆరుగురి కోసం ఏ చిన్న స్టూడియో విడిగా పనిచేయగలదు? కానీ స్టీమ్ ఫ్రేమ్ కొన్న ప్రతి ఒక్కరూ లినక్స్ వాడినట్టే. వాళ్లను కోల్పోకూడదనుకునే తయారీదారు తన ఆట ప్రోటాన్‌లో నడిచేలా చూసుకోక తప్పదు. ఆ మేలు టేబుల్ మీది లినక్స్ కంప్యూటర్‌కూ చేరుతుంది.

ఇంకా తీరని చిక్కులు

ఆశ పెట్టుకోవడానికి కారణాలున్నాయి. కళ్లు మూసుకుని నమ్మడానికి మాత్రం లేదు. లినక్స్‌లో స్టీమ్‌వీఆర్ విండోస్‌లో ఉన్నంత సాఫీగా ఉండదన్న ఫిర్యాదు ఏళ్లుగా ఉంది. ముఖ్యంగా రీప్రొజెక్షన్ కుదుపులు. మొనాడో వైపు వెళ్లినవాళ్లు దృశ్యం నిలకడగా ఉందంటారు. కానీ దాన్ని అమర్చుకోవడానికి ఓపిక, కొంత చదువు కావాలి. ఎన్విజన్ అనే సాధనం ఆ శ్రమను కొంత తగ్గిస్తోంది. గ్రాఫిక్స్ కార్డుల్లో ఏఎండీ డ్రైవర్లు బహిరంగం కాబట్టి లోపం కనిపిస్తే బయటివాళ్లూ సరిదిద్దగలరు. ఎన్విడియా 2022 మేలో కెర్నల్ భాగాన్ని బయటపెట్టినా, డ్రైవర్‌లో కీలకమైన మిగతా భాగం ఆ కంపెనీ చేతిలోనే ఉంది.

వీఆర్ రంగం కూడా మొత్తంగా గట్టి నేల మీద లేదు. మెటాలో వీఆర్ పనులు చూసే రియాలిటీ ల్యాబ్స్ విభాగం 2020 చివరి నుంచి మూటగట్టుకున్న నష్టం 7 వేల కోట్ల డాలర్లు దాటింది. మైక్రోసాఫ్ట్ తప్పుకున్న సంగతి చూశాం. ఇలాంటి వేళ లినక్స్ వీఆర్ భారమంతా వాల్వ్ భుజాల మీదే ఉండటం నాకు కలవరం కలిగిస్తుంది. కెర్నల్ లీజు పనికి, ప్రోటాన్‌కు, ఫెక్స్‌కు డబ్బు పెట్టింది ఆ ఒక్క సంస్థే. ఇవాళ దాని వ్యాపారం, వాడేవాళ్ల మేలు ఒకే దారిలో నడుస్తున్నాయి. రేపు దారులు విడిపోవచ్చు. ఊరట ఏమిటంటే, కెర్నల్‌లో చేరిన కోడ్, ప్రోటాన్, ఫెక్స్, మొనాడో అన్నీ బహిరంగమే. సంస్థ వెనక్కి తగ్గినా అవి మాయం కావు. స్టీమ్‌వీఆర్ మాత్రం మూసి ఉన్న సాఫ్ట్‌వేరే. దానికి దీటుగా మొనాడో ఎదగడం అందుకే అవసరం.

కాబట్టి నా అంచనా ఇది. రాబోయే కొన్నేళ్లలో లినక్స్‌లో వీఆర్ ఆడటం ఇప్పటికన్నా చాలా తేలికవుతుంది. పెద్ద ఆటల్లో ఎక్కువభాగం ప్రోటాన్ ద్వారా నడుస్తాయి. లినక్స్ కోసమే విడిగా చేసిన వీఆర్ ఆటలు మాత్రం పెద్దగా పెరగవు. వాటి అవసరమూ తగ్గుతుంది. వైరుతో కలిపే పాతతరం హెడ్‌సెట్లు వెనక్కి వెళ్లి, వైర్‌లెస్‌వే ముందుకొస్తాయి. ఈ మార్పు నిలబడాలంటే మూల భాగాలు నలుగురి చేతిలో ఉండాలి.

మన పాఠకులకు

వాల్వ్ తన హార్డ్‌వేర్‌ను మన దేశంలో నేరుగా అమ్మే ఏర్పాటు ఇన్నేళ్లలో చేయలేదు. బయటి నుంచి తెప్పించుకుంటే సుంకం పడుతుంది, వారంటీ దొరకదు. 6 గిగాహెర్ట్జ్ తరంగాల్లో కింది భాగాన్ని లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చే ముసాయిదా నిబంధనలను కేంద్రం 2025 మేలో ఇచ్చింది. కొత్త వైర్‌లెస్ హెడ్‌సెట్లకు ఇది కీలకం. అందుకని తొందరపడి అప్పుచేసి కొనాల్సిన పని లేదు. ఇప్పటికే క్వెస్ట్ ఉన్నవారు వివర్న్ గానీ ఏఎల్‌వీఆర్ గానీ ప్రయత్నించి చూడొచ్చు. కంప్యూటర్ కొత్తగా కొనేవారు, లినక్స్ వాడే ఉద్దేశం ఉంటే, ఏఎండీ గ్రాఫిక్స్ వైపు చూడటం మంచిది.

విద్యార్థులకు ఇంకో మాట. వీఆర్ నేర్చుకోవడానికి హెడ్‌సెట్ కొని తీరాలని లేదు. మొనాడోలో ఉత్తుత్తి హెడ్‌సెట్ ఒకటి ఉంది. అసలు పరికరం లేకుండానే ప్రోగ్రామ్ నడిపి చూసుకోవచ్చు. గోడో అనే ఉచిత గేమ్ ఇంజిన్ లినక్స్‌లో నడుస్తుంది, దానికి ఓపెన్‌ఎక్స్‌ఆర్ తెలుసు. 2023 మార్చిలో వచ్చిన గోడో 4 నుంచి తెలుగు గుణింతాలు, ఒత్తులు కూడా సరిగా కూర్చుకుంటున్నాయి. సాధారణ ల్యాప్‌టాప్, లినక్స్, గోడో ఉంటే ఒక ఇంజినీరింగ్ విద్యార్థి తెలుగు అక్షరాలున్న వీఆర్ దృశ్యాన్ని సొంతంగా కట్టొచ్చు. మొనాడోలో లోపం కనిపిస్తే సరిదిద్ది పంపొచ్చు. ఆ సవరణ ప్రపంచమంతటా వాడేవాళ్లకు చేరుతుంది.

హెడ్‌సెట్ కొనేవారు ఎప్పుడైనా సరే, తెర ఎంత, ధర ఎంత అన్న ప్రశ్నలతో పాటు మరొకటి అడగండి: 'ఈ కంపెనీ రేపు చేతులెత్తేస్తే ఇది పనిచేస్తుందా?' ఓపెన్‌ఎక్స్‌ఆర్‌ను గౌరవించే పరికరాన్ని, మొనాడోలో డ్రైవర్ ఉన్న పరికరాన్ని ఎంచుకుంటే ఆ భయం చాలావరకు తగ్గుతుంది. డబ్బు పెట్టి కొన్న వస్తువు మీద హక్కు కొన్నవారికే ఉండాలి. లినక్స్‌లో వీఆర్ ఎదగాలని కోరుకోవడానికి నాకు ఈ ఒక్క కారణం చాలు.